మొగిలి ఘాట్‌లో కాగిన గేరుబాక్సు: ఒక ట్రైలర్ బండి డైరీ

మే మొదటి వారం: సమస్య

ముందు బండి వివరాలు. లాడర్ ఛాసిస్ మీద కట్టిన పాత డీజిల్ ఎస్‌యూవీ, ఆరు గేర్ల ఆటోమేటిక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాని వెనక లాగేది రెండు ఇరుసుల ట్రైలర్ మీద బిగించిన 30 కేవీఏ సైలెంట్ జనరేటర్. డీజిల్ ట్యాంకు, కేబుల్ చుట్టలు కలుపుకుంటే ట్రైలర్ బరువు టన్నున్నర అవుతుంది. తిరుపతిలో జనరేటర్లు అద్దెకు ఇవ్వడం మా పని. పెళ్లిళ్లకు చిత్తూరు, పలమనేరు, పీలేరు తిరుగుతాం. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చిందంటే ఊళ్లోనే చేతినిండా పని.

బల్లపరుపు రోడ్డు మీద ఈ బండికి ఏ ఇబ్బందీ లేదు. చిత్తూరు దాటి, బంగారుపాళెం మీదుగా మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడే గొడవ. చిత్తూరు సముద్రమట్టానికి దాదాపు 330 మీటర్ల ఎత్తులో ఉంటే పలమనేరు 680 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ తేడాలో ఎక్కువ భాగం ఘాట్ దగ్గరే ఎక్కాలి. ముందు లారీలు పాకుతుంటాయి, వెనక నుంచి బస్సులు హారన్ కొడుతుంటాయి. సరిగ్గా అక్కడ గేరుబాక్సు నూనె వేడెక్కిందని డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగింది. ఇంజిన్ ఉష్ణోగ్రత చూపే ముల్లు మాత్రం నడిమధ్యలో నిశ్చలంగా ఉంది.

ఆ ముల్లును నేను నమ్మను. ఈ కాలపు బండ్లలో చాలావాటికి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) 75 డిగ్రీల దగ్గరున్నా, 100 దాటినా ముల్లు మధ్యలోనే నిలిచేలా అమరుస్తారు. ముల్లు కాస్త కదిలితే యజమాని కంగారుపడి సర్వీసింగు కేంద్రానికి పరుగెత్తుతాడని వాళ్ల భయం. దాని వల్ల ముల్లు పైకి లేచేసరికి చేయడానికి ఏమీ మిగలదు.

అదే వారం: సలహాలు, కొలతలు

సలహాలకు తిరుపతిలో కొదవ లేదు. మా పాత మెకానిక్ భాయ్ ఫోనులోనే తేల్చేశాడు: "ఆటోమేటిక్‌తో ట్రైలర్ లాగితే ఇంతే సార్." ఇంకొకాయన బండి ముందు పెద్ద ఆయిల్ కూలర్ బిగించమన్నాడు. మూడో ఆయన థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌కు రేడియేటర్ దారి తెరిచే మూత) పీకేయమన్నాడు, మన ఎండలకు అది పనికిరాదట. మా మామగారు విషయం అంతా ఓపికగా విని, "బండి అమ్మేసి ట్రాక్టరు కొనుక్కో అల్లుడూ" అన్నారు. నలుగురిలో ఆయన మాటే కొంత నయం, ఆటోమేటిక్‌లో ఇంజిన్‌ను గేరుబాక్సుకు నూనెతో కలిపే టార్క్ కన్వర్టర్ ట్రాక్టరుకు ఉండదు కాబట్టి.

వీళ్లెవరూ వేడి ఎంత అని అడగలేదు. నేను బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే బ్లూటూత్ ఓబీడీ రీడర్ ఒకటి, చేతిలో పట్టుకుని గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి తీసుకున్నాను. థర్మామీటర్ జనరేటర్ పనికి ఎలాగూ కావాలి. రీడర్‌ను స్టీరింగు కింద గుచ్చి ఫోనులో చూస్తే కూలెంట్ వేడి, గేరుబాక్సు నూనె వేడి, ఇంజిన్ చుట్లు, కన్వర్టర్ లాకప్ (అది జారకుండా పట్టే క్లచ్) పడిందా లేదా, అన్నీ అంకెల్లో కనిపిస్తాయి. గేరుబాక్సు అంకెలు కంపెనీకో కోడులో ఉంటాయి. మన బండి మోడల్‌కు సరిపోయే యాప్ వెతుక్కోవాలి, కాస్త ఓపిక కావాలి.

పరీక్షకు మొగిలి దాకా పోనక్కర్లేదు. చంద్రగిరి, రంగంపేట దాటాక వచ్చే భాకరాపేట ఘాట్ మాకు దగ్గర. శేషాచలం అడవిలో వంపులు తిరుగుతూ ఎక్కే దారి. ప్రతిసారీ అదే జనరేటర్, అదే ట్యాంకు మట్టం, మధ్యాహ్నం రెండు దాటాక, ఏసీ వేసి, గేర్లు తనే మార్చుకునే డీ (డ్రైవ్)లో పెట్టి. ఏ మార్పు చేసినా వీలైనంతవరకు ఒకసారికి ఒక్కటే. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదటి కొలత, బయట 41 డిగ్రీలు: రేణిగుంట వైపు చదును రోడ్డు మీద 70 వేగంలో కూలెంట్ 71, గేరుబాక్సు నూనె 88. భాకరాపేట ఘాట్‌లో కూలెంట్ 109, నూనె 126.

126 చిన్న అంకె కాదు. గేరుబాక్సుల వాళ్లు పాటించే పాత లెక్క ఒకటుంది: నూనె 80 డిగ్రీల దగ్గర ఎంతకాలం మన్నుతుందో, ఆ పైన ప్రతి 11 డిగ్రీలకు ఆ ఆయుష్షు సగమవుతుంది. 124కు నాలుగు సగాలు, అంటే పదహారో వంతు. ఇంకో సంగతి, శిఖరం దాటి దిగడం మొదలయ్యాక కూడా నూనె అంకె కాసేపు పెరుగుతూనే ఉంది. కూలెంట్ మాత్రం వెంటనే దిగింది. నూనె వేడి ఎప్పుడూ ఇలా ఆలస్యంగా కనబడుతుంది. లైటు వెలిగిన చోటే కారణం వెతికితే దొరకదు.

ఇంతకీ నన్ను నిలబెట్టిన అంకె 126 కాదు, 71. చదును రోడ్డు మీద ఇంత ఎండలో, ఇంత బరువు లాగుతూ కూలెంట్ 71 డిగ్రీల దగ్గర ఉండటమేమిటి? ఈ ఇంజిన్ 82కు పైనే నిలకడగా నడవాలి. చదునులో అతి చల్లగా, ఘాట్‌లో అతి వేడిగా నడిచే బండిలో ఏదో ఒకటి లేకుండా పోయింది. అనుమానాన్ని ఇక్కడ రాసి పెట్టుకున్నాను, దాని సంగతి తర్వాత.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది

కాగితం మీద ఒక లెక్క వేశాను. బండి, ట్రైలర్, మనుషులు కలిపి దాదాపు నాలుగు టన్నులు. నూటికి ఆరు వంతుల ఎత్తున్న దారిలో 40 వేగంతో ఎక్కాలంటే ఎత్తుకు, టైర్ల ఒరిపిడికి కలిపి చక్రాల దగ్గర 33 కిలోవాట్ల దాకా శక్తి కావాలి. టార్క్ కన్వర్టర్ అంటే నూనెలో ఎదురెదురుగా తిరిగే రెండు రెక్కల చక్రాలు. లాకప్ క్లచ్ పడితే రెండూ ఒకటిగా తిరుగుతాయి, నష్టం దాదాపు ఉండదు. లాకప్ పడకపోతే ఒకటి ముందు, ఇంకొకటి వెనక. నూటికి పన్నెండు వంతులు జారినా నాలుగు కిలోవాట్లకు పైగా నూనెలోకి దిగుతుంది. ఇంట్లో వాడే ఇస్త్రీ పెట్టెలు నాలుగింటిని స్విచ్ వేసి గేరుబాక్సు నూనెలో ముంచినట్టు.

ఆ నూనె చల్లబడేది రేడియేటర్ కింది ట్యాంకులో. అక్కడ చిన్న గొట్టంలాంటి కూలర్ ఒకటి దాగి ఉంటుంది. చుట్టూ కూలెంట్, లోపల గేరుబాక్సు నూనె. అంటే రేడియేటర్ నుంచి దిగే కూలెంట్ ఎంత వేడిగా ఉంటే నూనె అంతకన్నా చల్లబడలేదు. ఇంజిన్ వేడి, కన్వర్టర్ వేడి, ఏసీ కండెన్సర్ (ఏసీ లాగిన వేడిని బయటికి వదిలే జాలీ) ముందు నుంచి ఊదే వేడి, ఈ మూడూ బయటికి పోవలసింది ఒక్క తలుపు నుంచే. ఆ తలుపు ఎంత తెరుచుకుంటోందో చూడకుండా, దాని ముందు ఇంకో కూలర్ నిలబెట్టడం నాకు నచ్చలేదు. కూలర్ తన వేడిని కూడా వెనక ఉన్న రేడియేటర్ మొహానికే ఊదుతుంది కదా.

జాతర వారం: ట్రైలర్ మీద అనుమానం

ఊళ్లోనే పని, బండి ఊరు దాటలేదు. రాత్రుళ్లు జనరేటర్ దగ్గర కూర్చుని చేయదగ్గ పని ట్రైలర్‌ను చూడటమే. గేరుబాక్సును తిట్టే ముందు అది లాగుతున్నది నిజంగా స్వేచ్ఛగా దొర్లుతోందా అని చూడాలి. ఎవరూ దీన్ని పట్టించుకోరు.

ట్రైలర్‌ను లాక్కుని వచ్చిన ఒక పూట, ట్రైలర్ చక్రాల హబ్‌లకు థర్మామీటర్ గురిపెట్టాను. మూడు 55 దగ్గర, ఎడమ వెనకది 93. జాకీ ఎత్తి చేత్తో తిప్పితే బ్రేకు షూ పట్టుకునే ఉంది. షూను వెనక్కి లాగే స్ప్రింగు తుప్పు పట్టి సాగిపోయింది. స్ప్రింగు మార్చి, షూ సర్ది, బేరింగులకు గ్రీజు నింపాను. తర్వాతి ఘాట్ కొలతలో, బయట 40 ఉన్నప్పుడు, కూలెంట్ 107, నూనె 122. ఒక స్ప్రింగుకు ఇంత లాభం దండిగానే ఉంది.

ఇంకో చిన్న ప్రయోగం. అదే ఎక్కుడులో ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తెరిచాను. క్యాబిన్ హీటర్ కూడా చిన్న రేడియేటరే, దాంట్లోనూ కూలెంటే తిరుగుతుంది. కూలెంట్ 107 నుంచి 102కు దిగింది. నా పక్కన కూర్చున్న మా ఆపరేటర్ మాత్రం మేలో హీటర్ వేసే యజమానిని మొదటిసారి చూస్తున్నానని అన్నాడు. దారిలో ఆపత్తు వస్తే ఈ చిట్కా పనికొస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, వేడి పుట్టడం కన్నా బయటికి పోవడంలోనే చిక్కుందని దీంతో ఖాయమైంది.

మే చివర: నూనె ఏం చెబుతోంది

గేరుబాక్సు కింద డ్రెయిన్ ప్లగ్ విప్పి కొంచెం నూనె తీశాను. ఎర్రగా ఉండవలసినది ముదురు గోధుమ రంగులోకి మారింది, మాడు వాసన ఉంది. ప్లగ్‌కున్న అయస్కాంతం మీద సన్నటి బూడిద రంగు ముద్ద. ఆ ముద్ద మామూలే. మెరిసే లోహపు రేణువులు, పొరలు పొరలుగా ఊడిన క్లచ్ ప్లేటు ముక్కలు ఉంటే వేరే కథ. అవి లేవు. "గేరుబాక్సు ఇంకా బతికే ఉంది" అన్నాడు భాయ్, తన మాట కాస్త సవరించుకుంటూ.

రేడియేటర్ మూత దగ్గర గులాబీ రంగు పాల నురగ లేదు. అది కనిపిస్తే రేడియేటర్ లోపలి కూలర్ గొట్టం చిల్లిపడి నూనె, కూలెంట్ కలిసిపోయాయని అర్థం. ఆ పైన గేరుబాక్సు క్లచ్ ప్లేట్లు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. ఆ గండం మాకు లేదు.

నూనె అప్పుడే మార్చలేదు. 120 డిగ్రీలు పుట్టే బండిలో కొత్త నూనె పోస్తే కొత్త నూనెను మాడ్చడమే. వేడి దిగాక మారుద్దామని పక్కన పెట్టాను. "జీవితాంతం మార్చక్కర్లేని నూనె" అని యజమాని పుస్తకాల్లో రాసే మాట ఘాట్‌లో ట్రైలర్ లాగే వాళ్ల కోసం రాసింది కాదని నా అభిప్రాయం.

జూన్ మొదట్లో: ఖాళీ గూడు

71 డిగ్రీల అనుమానం తీర్చుకోవడానికి థర్మోస్టాట్ గూడు విప్పాం. లోపల ఏమీ లేదు. గ్యాస్కెట్ ఒక్కటే కొత్తగా మెరుస్తోంది. బండి నా చేతికి రాకముందే ఎవరో "ఎండలకు పనికిరాద"ని దాన్ని పీకేశారు.

చదునులో చల్లగా నడవడానికి కారణం ఇదే, అది సులభంగా అర్థమవుతుంది. ఘాట్‌లో వేడెక్కడానికీ ఇదే కారణమంటే భాయ్ నమ్మలేదు. ఈ ఇంజిన్‌లో థర్మోస్టాట్‌కు రెండు మూతలు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ దారి మూసి, కూలెంట్‌ను ఇంజిన్ చుట్టూనే తిప్పే బైపాస్ దారి తెరుస్తుంది. వేడెక్కేకొద్దీ రేడియేటర్ దారి తెరుస్తూ, రెండో మూతతో బైపాస్‌ను మూసేస్తుంది. మొత్తం పీకేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది. కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. బరువు లేనప్పుడు తెలియదు. ఘాట్‌లో పూర్తి చల్లదనం కావలసిన వేళ ఆ దొంగదారి దెబ్బ కొడుతుంది.

కొత్త థర్మోస్టాట్ మీద 82 అని ముద్ర ఉంది. బిగించే ముందు వంటింట్లో గిన్నెలో నీళ్లు పోసి, దారానికి వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి పొయ్యి వెలిగించాను. 82 దాటుతుండగా కదిలింది, 95కు పూర్తిగా తెరుచుకుంది. ఆ గిన్నెలో ఇక పాలు కాచేది లేదని ఇంట్లో స్పష్టంగా చెప్పారు, గిన్నె ఇప్పుడు షెడ్డులో ఉంది.

బిగించాక చదునులో 84, నిలకడగా. ఘాట్‌లో బయట 40 ఉండగా కూలెంట్ 103, నూనె 119. భాయ్ ఫోను తెరను రెండుసార్లు చూసి, "అయితే ఇన్నాళ్లూ మనం పీకినవన్నీ?" అన్నాడు. సమాధానం ఆయనకే తెలుసు, నేను ఏమీ అనలేదు.

జూన్: రేడియేటర్

బంపర్ ముందు నుంచి చూస్తే ఎంతో శుభ్రంగా ఉంది. ముందు కనబడేది ఏసీ కండెన్సర్, దాని వెనక రెండు వేళ్ల సందు వదిలి రేడియేటర్. జనరేటర్ పనిలో ఉన్నవాడిని కాబట్టి ఆ సందులోకి టార్చి వేయకుండా నాకు నిద్ర పట్టదు. పై క్లిప్పులు విప్పి రేడియేటర్‌ను కొంచెం వెనక్కి వంచాం. ఎర్రమట్టి, చింతాకు, పురుగుల రెక్కలు, కండెన్సర్ మీది నూనె జిడ్డు, అన్నీ కలిసి దుప్పటి గుడ్డలా పరుచుకుని కింది భాగాన్ని మూసేశాయి. ముందు నుంచి ఎంత ప్రెషర్‌తో నీళ్లు కొట్టినా ఆ చెత్త ఇంకా లోపలికే పోతుంది. వాటర్ సర్వీసింగులో జరిగేది అదే. కొట్టవలసింది ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో, రెక్కలు వంగకుండా.

శుభ్రం చేశాక, ఇంజిన్ వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకున్న తర్వాత, రేడియేటర్ మొహాన్ని థర్మామీటర్‌తో గళ్లుగళ్లుగా కొలిచాను. పై నుంచి కిందికి క్రమంగా తగ్గాలి. ఎడమ కింది మూల మాత్రం పక్కవాటికన్నా 20 డిగ్రీలు తక్కువ. అక్కడ చల్లగా ఉండటం మంచి సంగతి కాదు. ఆ గొట్టాల్లో కూలెంట్ తిరగడం లేదన్నమాట.

రేణిగుంట రోడ్డులో రేడియేటర్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. వయసు డెబ్బై దాటి ఉంటుంది, రాగి రేడియేటర్ల కాలం నుంచి ఈ పని. ట్యాంకులోకి చూసి, వేలితో గీకి, తెల్లటి పొడి చూపించాడు. "బోరు నీళ్లు పోశారు నాయనా." మా ప్రాంతపు బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు ఎక్కువ. వేడెక్కే కొద్దీ అవి గొట్టాల లోపల పెచ్చుకడతాయి. పాత రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే పై ట్యాంకు టంకం విప్పి, గొట్టాల్లో సన్నటి కడ్డీ దూర్చి తోమేవాళ్లు. ఇప్పటివి అల్యూమినియం కోరుకు (గొట్టాలు, రెక్కలు ఉండే నడిమి భాగానికి) ప్లాస్టిక్ ట్యాంకు నొక్కి బిగించినవి, అలా విప్పి తోమడం కుదరదు. యాసిడ్‌తో కడిగితే పెచ్చుతో పాటు అల్యూమినియం కూడా తినేస్తుంది, ఆ పని తాను చేయనని ముందే చెప్పాడు. ఆయన మీద గౌరవం అక్కడే కలిగింది. పని పోగొట్టుకుంటూ నిజం చెప్పేవాళ్లు అరుదు.

కొత్త రేడియేటర్ వేశాం. మొత్తం ఈ పనిలో పెద్ద ఖర్చు ఇదే. కూలెంట్ గాఢద్రవం సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. గాఢద్రవం ఎక్కువ పోస్తే ఇంకా చల్లగా ఉంటుందనుకునేవాళ్లున్నారు. వేడిని మోసుకుపోవడంలో నీళ్లే మెరుగు, గాఢద్రవంలోని గ్లైకాల్ మరిగే హద్దును పెంచడానికి, తుప్పు ఆపే మందులకు తోడుగా.

రేడియేటర్ మూత కూడా కొత్తది, 1.1 బార్ ఒత్తిడిది. దీని మీద ఆశ పెట్టుకున్న ఒక మిత్రుడికి చెప్పవలసి వచ్చింది: మూత మారిస్తే వేడి ఒక్క డిగ్రీ తగ్గదు. లోపల ఒత్తిడి నిలిపి, 107 దగ్గర మరగవలసిన ద్రవాన్ని 125 దాటినా మరగకుండా ఆపుతుంది. పాత మూత రబ్బరు పగిలిపోయి ఉంది. 109 డిగ్రీల దగ్గర మేము ఆవిరి గొడవ లేకుండా బయటపడ్డామంటే అదృష్టమే.

ఇక్కడ జనరేటర్ పాఠం ఒకటి పనికొచ్చింది. సైలెంట్ కెనోపీలో (జనరేటర్ చప్పుడు ఆపే పెట్టెలో) రేడియేటర్ చుట్టూ స్పాంజి పట్టీలు ఉంటాయి. అవి ఊడితే ఫ్యాను వెనక్కి నెట్టిన వేడిగాలి పక్కల నుంచి మళ్లీ ముందుకు తిరిగి వస్తుంది, జనరేటర్ గంటలోనే ఆగిపోతుంది. ఈ బండిలోనూ కండెన్సర్, రేడియేటర్ పక్కల ఉండవలసిన పట్టీలు ఎప్పుడో ఊడిపోయాయి. ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు అడుగు ముక్క కూడా లేదు. తొడుగు ముక్క పాత సామాన్ల దుకాణంలో దొరికింది, స్పాంజి మా షెడ్డులోనే ఉంది. గ్రిల్లు ముందు అలంకారానికి బిగించిన నాలుగు పెద్ద లైట్లను తీసేశాను. మా అబ్బాయికి అవంటే ఇష్టం, రెండు రోజులు అలిగాడు.

ఘాట్ కొలత, బయట 39: కూలెంట్ 97, నూనె 114.

ఇక్కడ లెక్క గురించి ఒక మాట. రోజుకో ఎండ కాస్తే అంకెలను ఎలా పోల్చాలి? థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నాక, అదే బరువుకు, అదే వేగానికి, కూలెంట్ బయటి గాలి కన్నా ఎంత పైన ఉందన్నది చూడాలి. మొదట 109లో 41 తీసేస్తే 68. ఇప్పుడు 97లో 39 తీసేస్తే 58. బయట ఎండ తగ్గితే వచ్చిన లాభాన్ని మన ఖాతాలో రాసుకోకుండా ఉండాలంటే ఇలా చూడాలి.

ఫ్యాన్ క్లచ్

ఇది త్వరగా తేలింది. ఈ ఇంజిన్ ఫ్యాను బెల్టు పుల్లీకి నేరుగా తిరగదు, మధ్యలో సిలికాన్ నూనె నిండిన క్లచ్ ఉంటుంది. ముందున్న బైమెటల్ చుట్ట (వేడికి వంగే జంట లోహపు పట్టీ) వేడెక్కితే లోపలి నూనె దారి తెరుచుకుని ఫ్యాను గట్టిగా పట్టుకుంటుంది. ఘాట్‌లో అప్పుడు వినబడవలసిన హోరు మాకెప్పుడూ వినబడలేదు. ఇంజిన్ బాగా కాగాక ఆపి, తాళం చేతిలో పట్టుకుని, ఫ్యానును చేత్తో తిప్పాను. గట్టిగా అడ్డుపడి వెంటనే ఆగాలి. అది హాయిగా చుట్లు తిరిగింది. క్లచ్ మధ్య నుంచి చుట్టూ చిమ్మిన నల్లటి జిడ్డు చారలు కూడా ఉన్నాయి, సిలికాన్ నూనె కారిపోయిన గుర్తు.

కొత్త క్లచ్ వేశాక భాకరాపేట రెండో వంపులో హోరు మొదలైంది. బయట 38, కూలెంట్ 93, నూనె 110. తేడా 55.

జూన్ చివర: కాలితో, చేత్తో

ఇప్పటికి ఇంజిన్ సంగతి తీరింది. నూనె 110 ఇంకా ఎక్కువే. రీడర్‌లో లాకప్ గీత చూస్తూ ఎక్కాం, నేను నడుపుతూ, మా ఆపరేటర్ చదువుతూ. డీలో ఉంచితే గేరుబాక్సు నాలుగు, మూడు మధ్య ఊగులాడుతోంది. మారిన ప్రతిసారీ లాకప్ ఊడి, మళ్లీ పడటానికి సమయం తీసుకుంటోంది. ముందు లారీ ఉండి 30కి దిగితే అసలు పడటమే లేదు. అప్పుడే నూనె అంకె నిమిషానికి రెండు మూడు డిగ్రీలు ఎగబాకుతోంది.

మాన్యువల్‌లో మూడో గేరులో కట్టేసి 45 దగ్గర నిలిపితే ఇంజిన్ కాస్త గొంతెత్తింది, లాకప్ మాత్రం ఎక్కుడంతా పడే ఉంది. ఇంజిన్ చుట్లు పెరిగితే నీళ్ల పంపు, ఫ్యాను కూడా వేగంగా తిరుగుతాయి. నూనె 103 దగ్గర ఆగింది. ఇంజిన్ అరుస్తుంటే బండి కష్టపడుతోందని, మెల్లగా గొణుగుతుంటే సుఖంగా ఉందని అనుకుంటాం. ఆటోమేటిక్‌లో ట్రైలర్ లాగేటప్పుడు చాలాసార్లు దీనికి తలకిందులు. లారీ వెనక చిక్కుకోకుండా కాస్త ఎడం వదిలి, దారి దొరికాక ఒకే ఊపున ఎక్కడం మేలు. మొగిలిలో ఆ ఎడంలోకి ఎవరో ఒకరు దూరుతారన్నది వేరే సంగతి.

జూలై మొదట్లో: ఇప్పుడు కూలర్

మొదటి వారమే వేసుకోమన్న ఆయిల్ కూలర్‌ను ఇప్పుడు వేశాను. రేడియేటర్‌కు ఊపిరి వచ్చింది కాబట్టి దాని ముందు ఇంకొకటి నిలబెట్టినా తట్టుకుంటుంది. ప్లేట్లు పేర్చిన రకం, చిన్నదే. కండెన్సర్ ముందు కింది వైపు, దానికి ఆనకుండా వేలెడు సందు వదిలి, ఇనుప పట్టీలతో బిగించాం. కోరులో గుచ్చే ప్లాస్టిక్ తాళ్లు వద్దన్నాను. అవి అదిరి అదిరి గొట్టాలకు చిల్లులు పెడతాయి.

దారి వరస: గేరుబాక్సు నుంచి నూనె ముందు రేడియేటర్ లోపలి కూలర్‌కు, అక్కడి నుంచి కొత్త కూలర్‌కు, ఆ తర్వాత తిరిగి గేరుబాక్సుకు. బాగా కాగిన నూనె వేడిని ముందు కూలెంట్ లాగేస్తుంది, మిగిలిన కొసరు గాలికి పోతుంది. తెల్లవారుజామున నూనె మరీ చల్లబడకుండా లోపల వేడిని బట్టి తెరుచుకునే బైపాస్ ఉన్నది ఎంచుకున్నాను. హోస్ విషయంలో పిసినారితనం పనికిరాదు. డీజిల్ హోస్ చూడటానికి ఒకేలా ఉంటుంది, వేడి గేరుబాక్సు నూనెకు గట్టిపడి పగులుతుంది. ఆ నూనెకు తగినదని ముద్ర ఉన్నదే కొన్నాం. చివర్లలో గొట్టానికి ఉబ్బెత్తు అంచు ఉందో లేదో చూసుకుని బిగించాం. అది లేకపోతే ఒత్తిడికి హోస్ జారి ఊడుతుంది.

ఆ రోజే నూనె మార్చాం. డ్రెయిన్ చేస్తే మొత్తం రాదు, కన్వర్టర్‌లో చాలా మిగిలిపోతుంది. కొన్నాళ్లు నడిపి మళ్లీ డ్రెయిన్ చేసి నింపడం నా ఉద్దేశం. యంత్రంతో ఒత్తిడి పెట్టి పాత నూనెనంతా తోయించడం మీద నాకు నమ్మకం లేదు. మట్టం చూసేటప్పుడు జాగ్రత్త కావాలి. ఈ గేరుబాక్సుకు డిప్‌స్టిక్ (మట్టం చూసే కడ్డీ) లేదు. ఇంజిన్ నడుస్తుండగా, నూనె కంపెనీ చెప్పిన వేడి దగ్గర ఉన్నప్పుడు, పక్క ప్లగ్ విప్పితే సన్నటి ధార కారి చుక్కలుగా మారాలి. రీడర్ లేకుండా ఈ పని చేసేవాళ్లు ఏ అంకె చూసి చేస్తున్నారో నాకు అర్థం కాదు.

భాకరాపేట, బయట 37: డీలో నూనె 97, మూడో గేరులో 91.

ఆ వారమే అసలు పరీక్ష వచ్చింది. బంగారుపాళెం దాటాక తోతాపురి మామిడి ట్రాక్టర్లు, లారీలు గుజ్జు ఫ్యాక్టరీల వైపు బారులు తీరి ఉన్నాయి. ఘాట్ మొదట్లో పావుగంటకు పైగా ఆగుతూ, కదులుతూ ఎక్కాం. ఆగినప్పుడల్లా న్యూట్రల్‌లో పెట్టి చేతి బ్రేకు వేశాను. డీలో బ్రేకు తొక్కి నిలబడితే కన్వర్టర్ నూనెను చిలుకుతూనే ఉంటుంది. మొగిలి పైకి చేరేసరికి నూనె 99, కూలెంట్ 94. పైన ఆపాక వెంటనే ఇంజిన్ కట్టేయలేదు. న్యూట్రల్‌లో కాసేపు తిరగనిస్తే పంపు, ఫ్యాను తమ పని చేస్తాయి. నూనె 90కి దిగాక తాళం తీశాను.

ఇంకా ఉన్న పని

రేడియేటర్ కింది హోస్ మెత్తబడింది, ఎక్కువ చుట్లలో పంపు పీల్చినప్పుడు అణిగిపోయే ప్రమాదం ఉంది. లోపల స్ప్రింగు ఉన్నది ఆర్డరు పెట్టాను. కూలర్ హోస్ ఒకటి ఛాసిస్ అంచుకు రాసుకుంటోంది, దానికి రబ్బరు తొడుగు వేయాలి. గేరుబాక్సు అడుగున పాన్ గ్యాస్కెట్ దగ్గర కాస్త చెమ్మ కనిపించింది. అది నూనె మార్చినప్పుడు ఒలికిందా, కొత్తగా కారుతోందా తెలియడానికి శుభ్రంగా తుడిచి టాల్కం పౌడరు చల్లాను. ఆదివారం పీలేరులో పెళ్లి ఉంది. తిరిగి వచ్చాక బండి కిందికి దూరి పౌడరు మీద గీత ఎక్కడి నుంచి మొదలైందో చూస్తాను.